ఆస్కార్ చేపపిల్ల రావడం ఆలస్యమైంది: సైక్లింగ్ పూర్తయిన అక్వేరియాన్ని అంతవరకు నిలుపుకోవడం ఎలా?

ప్రశ్న (తిరుపతి, కొర్లగుంట)

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు గల అక్వేరియాన్ని, చేపలేవీ వేయకుండా, అమ్మోనియా కలిపే పద్ధతిలో సైక్లింగ్ (చేప వదిలే అమ్మోనియాను నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను పెంచడం) చేశాము. ఇప్పుడు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వేస్తే మరుసటి రోజుకల్లా అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తున్నాయి. అయితే చెన్నై కొళత్తూరు నుంచి రావలసిన ఆస్కార్ పిల్ల మరో నెలకు గాని రాదని కబురు వచ్చింది. అంతకాలం ఖాళీగా వదిలేస్తే బ్యాక్టీరియా చచ్చిపోతుందా? దుకాణంలో నాలుగు మోలీ చేపలను వేసి ఉంచమంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో రోజూ చిటికెడు మేత చల్లితే చాలంటున్నారు. మా బోరు నీరు చాలా కఠినమైనది కనుక సగానికి పైగా క్యాన్ నీళ్ళు పోసి నింపామని కూడా తెలియజేస్తున్నాను.

సమాధానం (తిరుపతి)

బ్యాక్టీరియా నీటిలో కంటే ఫిల్టర్ స్పాంజి మీద, గులకరాళ్ళ మీద ఎక్కువగా అతుక్కుని బతుకుతుంది. ఆహారం అందకపోతే వెంటనే చావదు గాని చురుకు తగ్గి, క్రమంగా సంఖ్య కూడా తగ్గుతుంది. కాబట్టి మీరు ఇప్పటిదాకా చేసిన పనినే, తక్కువ మోతాదులో కొనసాగించండి. రెండు మూడు రోజులకు ఒకసారి 1 పీపీఎం సరిపోతుంది. రోజూ 2 పీపీఎం వేయడం వల్ల అదనపు ప్రయోజనం లేకపోగా నైట్రేట్ పేరుకుపోతుంది. ఒక ఆస్కార్ పిల్ల అంత అమ్మోనియాను విడుదల చేయదు కూడా.

మీ తొట్టి కొలతల ప్రకారం 255 లీటర్లు పడుతుంది. రాళ్ళు, పైన వదిలే ఖాళీ తీసివేస్తే 220 లీటర్ల నీరు ఉంటుందనుకుందాం. అమ్మోనియం క్లోరైడ్ పొడి వాడుతున్నట్లయితే, ఆ నీటికి 0.7 గ్రాము కలిపితే 1 పీపీఎం వస్తుంది. కళాయి వేసేవారు వాడే నవాసాగరం కూడా ఇదే పదార్థం, అయినా దాని శుద్ధతకు ఎవరూ పూచీ ఉండరు కనుక ప్రయోగశాల రసాయనాలు అమ్మే చోట కొనడమే క్షేమం. మేత చల్లడం పనిచేయదని కాదు. అది కుళ్ళి ఎంత అమ్మోనియా వస్తుందో కొలతకు అందదు, పైగా అడుగున బూజు పడుతుంది.

సమాధానం (చిత్తూరు)

పై సలహాతో ఏకీభవిస్తాను. మోలీల విషయంలో మాత్రం గట్టిగా వద్దంటాను. దుకాణపు చేపలతో పాటు తెల్లమచ్చల తెగులు మీ తొట్టిలోకి వస్తే, ఆస్కార్ వచ్చేనాటికి మందులు వేస్తూ కూర్చోవలసి వస్తుంది. తరువాత ఆ నాలుగింటినీ ఎక్కడ ఉంచుతారన్నది మరో ప్రశ్న. ఆస్కార్ కాస్త పెరిగిందంటే నోటికి పట్టే ప్రతి చేపనూ మింగుతుంది.

నాకు ఆందోళన కలిగించిన విషయం క్యాన్ నీళ్ళు. ఆర్.ఓ. యంత్రం నుంచి వచ్చే నీటిలో కార్బొనేట్ దాదాపు ఉండదు. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చేటప్పుడు బ్యాక్టీరియా ఆ కార్బొనేట్‌నే ఖర్చు చేస్తుంది: 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల క్షారత (ఆమ్లాన్ని అణచే గుణం) హరించుకుపోతుంది. మీరు నెలపాటు చేప లేకుండా అమ్మోనియా వేస్తూ నీరు మార్చకుండా ఉంటే, పి.హెచ్. (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) 6.5 కంటే దిగజారి, నిన్నటిదాకా చక్కగా నడిచిన సైక్లింగ్ ఉన్నట్టుండి మందగించవచ్చు. అప్పుడు బ్యాక్టీరియా చచ్చిందని కంగారుపడి సీసా బ్యాక్టీరియా కొనడానికి పరుగెత్తకండి. వారానికొకసారి కొంత నీరు తీసి బోరు నీరు పోయండి, అదే చవకైన మందు. మన ప్రాంతపు బోరు నీటిని అందరూ తిట్టుకుంటారు గాని, బకెట్టుకు తెల్లగా పట్టే ఆ పొరలోనే మీకు కావలసిన కార్బొనేట్ ఉంది.

ప్రశ్న వేసినవారు

మోలీల ఆలోచన మానుకున్నాము. తొట్టిలో బోరు నీటి వాటా పెంచుతాము. మా వీధిలో కరెంటు గంటల తరబడి పోతూ ఉంటుంది; ఫిల్టర్ ఆగిపోతే ప్రమాదమా? చేప వచ్చే రోజున ఏ క్రమంలో పనులు చేయాలి?

సమాధానం (తిరుపతి)

మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్ అయితే గంటల తరబడి ఆగినప్పుడు లోపల బ్యాక్టీరియాకు కావలసిన ప్రాణవాయువు అయిపోతుంది, ఎండాకాలంలో ఇంకా త్వరగా. దానికి తోడు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపుకు ఒక స్పాంజి ఫిల్టర్ తగిలించి ఇప్పటినుంచే తొట్టిలో ఉంచండి. స్పాంజిని కుళాయి కింద కడగవద్దు; తొట్టి నీటిలోనే పిండండి.

చేప రావడానికి మూడు రోజుల ముందు ఒకసారి 2 పీపీఎం వేసి, 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చాయో లేదో చూడండి. వస్తే ఇక అమ్మోనియా ఆపి, నైట్రేట్ తగ్గేలా సగానికి పైగా నీరు మార్చండి. కార్పొరేషన్ కుళాయి నీరు వాడేటట్లయితే క్లోరిన్ పోగొట్టే మందు తప్పనిసరి.

కొళత్తూరు నుంచి రోడ్డు మీద గంటల తరబడి వచ్చే సంచిలో అమ్మోనియా పేరుకుంటుంది, అయితే చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు వల్ల పి.హెచ్. తగ్గి దాని విషం అణగి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటకు పోతుంది, పి.హెచ్. పెరుగుతుంది; అది ఒక్క అంకె పెరిగితే విషపు భాగం దాదాపు పదింతలవుతుంది. అందుచేత మూతి కట్టి ఉన్న సంచినే తొట్టిలో తేలనిచ్చి, వేడి సమానమయ్యాక విప్పి, ఆలస్యం చేయకుండా చేపను మాత్రమే తొట్టిలోకి వదలండి. సంచి నీటిని బయట పారబోయండి.