రాజీనామా రాసివ్వమంటున్నారు, ఇవ్వాలా వద్దా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో మూడేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తున్నాను. పీఎఫ్, ఈఎస్ఐ కట్ అవుతున్నాయి. మా అత్తకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి స్నానం చేయించడం, ఫిజియోథెరపీకి రుయా ఆస్పత్రికి తీసుకుపోవడం అన్నీ నా పనే. మా ఆయన కొండకి ట్యాక్సీ తోలుతారు, తెల్లారుజామున పోతే ఎప్పుడొస్తారో తెలీదు. అందుకే నైట్ షిఫ్ట్ వద్దు, పగలే వేయండని అడిగాను. అప్పటి నుంచి సూపర్‌వైజర్ హాజరు పట్టీలో నా పేరు పక్కన ఎర్ర పెన్నుతో గీతలు పెడుతున్నాడు. మా లైన్‌లోనే ఒకతను వాళ్ళ నాన్న ఆపరేషన్‌కని నాకన్నా ఎక్కువ లీవులు పెట్టాడు. అతన్నేమో బాధ్యత తెలిసినోడని మెచ్చుకున్నారు. నన్ను మాత్రం "ఇల్లు చూసుకోమ్మా" అంటున్నారు!

ఇప్పుడు కాంట్రాక్టరు తెల్ల కాగితం చేతికిచ్చి, సొంత కారణాలతో మానేస్తున్నట్టు రాసివ్వమంటున్నాడు. ఏడాదిలో 240 రోజులు చేసినవాళ్ళని తీసేయాలంటే నెల నోటీసు, ఒక్కో సంవత్సరానికి 15 రోజుల జీతం ఇవ్వాలని, మనమే రాజీనామా చేస్తే అవి రావని తెలిసిన యూనియన్ అన్న చెప్పాడు. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్ళని తీసేయకుండా చట్టం ఉంది. మంచాన పడ్డ పెద్దవాళ్ళని చూసుకునేవాళ్ళకి మాత్రం అలాంటి ప్రత్యేక రక్షణేదీ లేదు.

సంతకం పెట్టకుండా రోజూ డ్యూటీకి పోతూ ఉండాలా, లేక ముందే లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలా? అర్జీలో కంపెనీ పేరు రాయాలా, కాంట్రాక్టరు పేరా? ఇలాంటిది పడ్డవాళ్ళు ఉంటే చెప్పండి, సోమవారం లోపల కాగితం ఇవ్వమన్నాడు.