మోర్వాన్ అడవుల్లో మౌంటెన్ బైక్ మీద నాలుగు రోజులు: అక్టోబర్ చివర్లో వెళ్లొచ్చా?

బెర్సీ_బుల్లోడు:

అందరికీ నమస్తే. పారిస్‌లో ఉద్యోగం నాది. ఇక్కడికొచ్చాక కాలువ గట్ల మీద, వాన్సెన్ అడవిలో చదునుగా తొక్కడమే తప్ప కొండలు ఎక్కింది లేదు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆదివారాలు అనంతగిరి వెళ్లేవాళ్లం, అంతే అనుభవం. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో ఒక హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేని మౌంటెన్ బైక్) కొన్నాను, 29 అంగుళాల చక్రాలు, ముందు 120 ఎంఎం సస్పెన్షన్.

తూసాన్ సెలవుల్లో (నవంబర్ 1 పండగ టైమ్‌లో వచ్చే సెలవులు) ఫ్రెండ్‌తో కలిసి బుర్గోన్‌లోని మోర్వాన్ వెళ్దామని ప్లాన్. అవల్లోన్‌లో రైలు దిగి, సెట్టోన్ లేక్ మీదుగా 'ఓ ఫోలన్' అనే కొండ ఎక్కి, ఓటన్‌లో తేలాలి. మొత్తం మోర్వాన్‌లో ఎత్తయిన చోటే 901 మీటర్లు కదా అని రోజుకి 60, 70 కిలోమీటర్లు వేసుకున్నాం. అటుగా పోయే జీఆర్ 13 అనే దారి ట్రాక్ ఫోన్‌లో దించుకున్నా, దాన్నే పట్టుకుని పోతే సరిపోతుందా? ఇంకోటి, మావాడు గుడ్డు కూడా ముట్టడు. పల్లెల్లో తిండి సంగతేంటి? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

డిజోన్_మావ:

901 అన్న అంకె చూసి ధీమాగా ఉండకు తమ్ముడూ. ఒక పెద్ద కొండ ఎక్కేస్తే పని అయిపోయే చోటు కాదు అది. వాగులోకి దిగుతావు, అవతలి గట్టు ఎక్కుతావు, పైన అర కిలోమీటరు ఊపిరి పీల్చుకునేలోపు మళ్లీ దిగుడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే వరస. 40 కిలోమీటర్లలో 900, 1000 మీటర్లు ఎక్కడం అక్కడ మామూలు విషయం. అందుకే కిలోమీటర్లు పక్కన పెట్టి ఎలివేషన్ చూసి రోజులు పంచుకో. మీ ఇద్దరికీ రోజుకి 35, 40 కిలోమీటర్లు చాలు, అదీ బ్యాగుల బరువు తక్కువుంటే. పైగా అక్టోబర్ చివరి ఆదివారం గడియారం గంట వెనక్కి జరుపుతారు, ఆ తర్వాత సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది, డగ్లస్ చెట్ల కింద అయితే అంతకు ముందే చీకటి. లైట్ లేకుండా బయల్దేరొద్దు.

జీఆర్ 13 మాట మర్చిపో. ఎరుపు, తెలుపు గీతలున్న జీఆర్ దారులు నడిచేవాళ్ల కోసం వేసినవి, కొన్నిచోట్ల రాళ్ల గుట్టల మీద నుంచి పోతాయి, సైకిల్ భుజాన వేసుకుని ఎక్కాలి. సెంట్రల్ మాసిఫ్ మొత్తాన్ని దాటించే జీటీఎంసీ అని ఒక పెద్ద వీటీటీ (మౌంటెన్ బైక్) రూట్ ఉంది, అది మొదలయ్యేదే అవల్లోన్‌లో. అక్కణ్నుంచి మధ్యధరా ఒడ్డున కాప్ దాగ్ద్ దాకా దాదాపు 1400 కిలోమీటర్లు. నీకు కావాల్సింది దాని మొదటి ముక్క మాత్రమే. ఒక త్రికోణం, రెండు గుండ్రాలు కలిపి సైకిల్‌లా కనిపించే గుర్తు చెట్లకీ స్తంభాలకీ కొట్టి ఉంటుంది. ఊళ్ల చుట్టూ ఉండే చిన్న లూపులకీ అదే గుర్తు, కష్టాన్ని బట్టి పచ్చ, నీలం, ఎరుపు, నలుపు రంగులు. మొదటి రోజు నీలం దాటి పోకండి.

ఇప్పుడు బురద సంగతి, మోర్వాన్‌లో అసలు తిప్పలంతా దీంతోనే. కింద గ్రానైట్, పైన వాన, మధ్యలో కలప లారీలు, చెట్లు నరికే భారీ యంత్రాలు. అవి తొక్కిన చోట మోకాలి లోతు గాడులు పడి, వాటిలో నీళ్లు నిలిచి, పైన రాలిన ఆకులు పరుచుకుని చూడ్డానికి చదునైన దారిలా ఉంటుంది. ముందు చక్రం అందులో దిగితే మనిషి హ్యాండిల్ మీదుగా అవతల పడతాడు. మ్యాప్‌లో దారి ఉన్నా అక్కడ అడవే లేకపోవచ్చు, ఎందుకంటే ఇరవయ్యో శతాబ్దంలో ఓక్, బీచ్ కొట్టేసి డగ్లస్ తోటలు పెంచారు, ఇప్పుడవి కోతకొచ్చి కొండ కొండంతా బోడి చేస్తున్నారు, దారి నిండా కొమ్మలు. ఊళ్లోవాళ్లకీ దీని మీద కోపమే. నిజానికి మోర్వాన్ కలప కథ కొత్తది కాదు, పారిస్ పొయ్యిల్లోకి కట్టెలు శతాబ్దాల పాటు ఇక్కడి నుంచే క్యూర్, యోన్ నదుల్లో తేలుతూ పోయాయి. నువ్వు చూడబోయే సెట్టోన్ లేక్ కూడా సహజమైంది కాదు, ఆ కట్టెలు తేలడానికి నీళ్లు వదలాలని పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన డ్యామ్.

నా సలహా ఒక్కటే, ఓటన్ దాకా లాగొద్దు. సెట్టోన్ దగ్గర మూడు రాత్రులు రూమ్ తీసుకుని రోజూ ఖాళీ బ్యాగుతో లూపులు తొక్కండి. వాన పడితే ఆ రోజు చిన్నది చేస్తారు, ఎండ కాస్తే ఓ ఫోలన్ వైపు పోతారు. టైర్లు 2.3 అంగుళాలకి తగ్గకూడదు, గాలి కొంచెం తగ్గించు, బ్రేక్ ప్యాడ్లు ఒక జత అదనంగా పెట్టుకో, ఆ ఇసుక బురద వాటిని తినేస్తుంది.

పుయ్_ద_పెడల్:

మావ చెప్పినవన్నీ నిజమే, అందుకే నేనైతే ఆ టైమ్‌లో అసలు మోర్వాన్ వెళ్లను 😀 క్లెర్మోన్ రండి. షెన్ దే పుయ్ అగ్నిపర్వతాల చుట్టూ నేల నల్లటి బూడిద రాయి, ఎంత వాన పడినా నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, మర్నాడే తొక్కొచ్చు. 2018లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. పారిస్ బెర్సీ నుంచి నేరుగా రైలు ఉంది, సైకిల్‌కి మాత్రం ముందే చోటు బుక్ చేసుకోవాలి. నేల కోసుకుపోతోందని కొన్ని కొండల మీదికి సైకిళ్లు రానివ్వరు, బోర్డులు చూసుకుని కింది అడవి దారుల్లో తిరిగితే సరి.

డిజోన్_మావ:

నేల సంగతి ఒప్పుకుంటా. కానీ అక్కడ చుట్టూ 1000 మీటర్ల ఎత్తు, నవంబర్ వచ్చేసరికి చలిగాలి ముఖం కోస్తుంది, పొగమంచు పట్టిందంటే పక్కనున్న అగ్నిపర్వతం కూడా కనపడదు. మొదటిసారి వచ్చేవాళ్లకి మోర్వాన్ అడవే నయం, గాలి తగలదు.

లియోన్_అక్క:

ఇంతమంది రాశారు, వేట గురించి ఎవరూ అనలేదేంటి? సెప్టెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా సీజన్, సరిగ్గా మీరు వెళ్లే రోజుల్లో అడవిపందుల కోసం గుంపులుగా దిగుతారు, శని ఆదివారాలు మరీ ఎక్కువ. దారి మొదట్లో "షాస్ ఆన్ కూర్" అని బోర్డు పెట్టి ఉంటే వేట నడుస్తున్నట్టు. ఆ దారిలోకి పోకుండా వేరే లూప్ చూసుకోండి, ట్రాక్ ఇటే చూపిస్తోంది కదా అని మొండికెయ్యొద్దు. బోర్డు దగ్గర ఆరెంజ్ జాకెట్ వేసుకున్న మనిషి కనిపిస్తే ఆగి, బోంజూర్ చెప్పి, ఎటు వైపు పోవచ్చో అడగండి, ఎక్కువమంది మర్యాదగానే చెప్తారు.

మీరు కూడా ఆరెంజ్ వేసుకోండి, కాకపోతే దాన్ని నమ్ముకుని మాత్రం ఉండొద్దు. 2018 అక్టోబర్‌లో ఆల్ప్స్‌లో మోంట్రియోన్ దగ్గర ఒక బ్రిటిష్ సైకిలిస్ట్ వేటగాడి తూటాకి చనిపోయాడు, అతను వేసుకున్నది మెరిసే రంగు బట్టలే, జనం బాగా తిరిగే దారే. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు తమ్ముడూ. ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దు, మాట్లాడుకుంటూ తొక్కండి. లోయల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దించుకోండి, ఎమర్జెన్సీకి 112. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో పురుగులేమైనా పట్టాయేమో చూసుకోండి, టిక్ పట్టుకుంటే లైమ్ జబ్బు వచ్చే అవకాశం ఉంది. దాన్ని తీసే చిన్న ప్లాస్టిక్ కొక్కెం ఏ ఫార్మసీలోనైనా దొరుకుతుంది.

పప్పుచారు_పారిస్:

తిండి గురించి నేను చెప్తా, మా ఇంట్లోనూ శుద్ధ శాకాహారే. రెస్టారెంట్ మీద ఆశ పెట్టుకోవద్దు. మధ్యాహ్నం రెండు దాటితే వంటిల్లు మూసేస్తారు, సలాడ్ అడిగినా అందులో పంది ముక్కలు వేసి తెస్తారు, "సాన్ వియాండ్" (మాంసం లేకుండా) అంటే చేప తెచ్చి పెట్టినవాళ్లూ ఉన్నారు. వంటిల్లున్న జీత్ (పల్లెల్లో అద్దెకిచ్చే ఇల్లు) చూసుకోండి. బియ్యం, కందిపొడి, చిన్న సీసాలో నెయ్యి, ఆవకాయ తీసుకెళ్తే రాత్రికి ఢోకా లేదు, పొద్దున చేసిన పులిహోర మధ్యాహ్నం దాకా బ్యాగులో భేషుగ్గా ఉంటుంది. పెద్ద సూపర్ మార్కెట్ అంటే సోల్యూ, షాతో షినోన్ లాంటి ఊళ్లలోనే. ఆదివారం మధ్యాహ్నం, నవంబర్ 1న అన్నీ మూత అనుకునే సరుకులు తెచ్చుకోండి.

దారిలో నీళ్లు అయిపోతే ఊరి శ్మశానానికి పోండి, చాలాచోట్ల కుళాయి ఉంటుంది. "నోన్ పోతాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగొద్దు. నవంబర్ 1న అక్కడంతా పూలకుండీలు పట్టుకొచ్చిన జనమే ఉంటారు, ఆ రోజు బురద కాళ్లతో లోపలికి పోకుండా ఎవరింట్లోనైనా అడిగితే మర్యాదగా ఉంటుంది.

బెర్సీ_బుల్లోడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఓటన్ క్యాన్సిల్, సెట్టోన్ దగ్గర మూడు రాత్రులు ఫిక్స్, శనివారం బదులు సోమవారం బయల్దేరుతున్నాం. అగ్నిపర్వతాలు వసంతానికి దాచుకున్నా. అవల్లోన్ రైల్లో సైకిల్‌కి ఇబ్బంది ఉంటుందా?

డిజోన్_మావ:

సోమవారం మంచి పని. రైల్లో సైకిల్‌ని విప్పకుండానే ఎక్కించొచ్చు కానీ కొక్కేలు కొన్నే ఉంటాయి, బెర్సీలో ప్లాట్‌ఫామ్ నంబర్ పడగానే పరిగెత్తు. టికెట్ కొనే ముందు ఆ రోజు రూల్ ఏంటో యాప్‌లో చూసుకో. ముఖ్యమైంది ఇంకోటి, ఆ రూట్‌లో కొన్ని రైళ్లు మధ్యలో రెండుగా విడిపోతాయి, ఒక సగం అవల్లోన్ వైపు, ఇంకో సగం క్లామ్సీ వైపు పోతుంది. నీ సైకిల్ ఎక్కించే పెట్టె మీద అవల్లోన్ అని ఉందో లేదో చూసుకో, మీ ఇద్దరూ కూడా అదే పెట్టెలో కూర్చోండి.