మూడేళ్ల మైల్స్: ఇద్దరికి ఫస్ట్ క్లాసా, ముగ్గురికి బిజినెస్సా?

నిజాంపేట నివాసి

వచ్చే మే నెలకి మా పెళ్లయి ఇరవై ఏళ్లు. ఆ ఏడు యూరప్ వెళ్దామని, ఒక్కసారైనా విమానం ముక్కులో, అంటే ఫస్ట్ క్లాసులో కూర్చుందామని మూడేళ్ల కిందట అనుకున్నాం. అప్పటి నుంచి ఖర్చంతా ఆక్సిస్ బ్యాంకు అట్లాస్ క్రెడిట్ కార్డు మీదే. ఖర్చుని బట్టి విమాన టికెట్లకి పనికొచ్చే పాయింట్లు ఇస్తారు, వాటినే మైల్స్ అంటారు. స్కూలు ఫీజు, కిరాణా, ఆఖరికి బావమరిది ఫ్రిజ్, తోడల్లుడి టీవీ కూడా నేనే గీకి, డబ్బు వాళ్ల దగ్గర తీసుకున్నాను. (కరెంటు బిల్లుకి, ఇన్సూరెన్స్‌కి మైల్స్ ఇవ్వరు. అది తెలిసేసరికే రెండు ప్రీమియంలు కట్టేశాను.) నెలకి లక్ష చొప్పున, వందకి రెండు మైల్స్, మధ్యలో బోనస్‌లు కలిపితే ఏడాదికి 29,000 పడ్డాయి. ఏటా వాటిని ఒకటికి రెండు చొప్పున ఎయిర్ కెనడా వాళ్ల మైల్స్ పథకం ఏరోప్లాన్‌లోకి మార్చాను. ఇప్పుడక్కడ 1,74,000 ఉన్నాయి. ఈ ఏడాదివి ఇంకా కార్డులోనే ఉన్నాయి.

వీటితో ఎయిర్ కెనడా భాగస్వామి, జర్మనీ వాళ్ల లుఫ్తాన్సా ఫస్ట్ క్లాసులో ఇద్దరం ఒకవైపు వెళ్లొచ్చని నా అంచనా. రెండోవైపు డబ్బు పెట్టి ఎకానమీ. లేదంటే అవే మైల్స్‌కి ఇంకాసిని కలిపి అమ్మని కూడా తీసుకుని ముగ్గురం బిజినెస్‌లో వెళ్లొచ్చు. అమ్మకి 71, మోకాళ్లు సహకరించవు. తనేం అడగలేదు. మా ఆవిడని అడిగితే "మీ ఇష్టం" అంది. ఆ మాటకి అర్థం పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

మీరైతే ఏం చేస్తారు?

లెక్కల మాస్టారు

ముందు ఒక భ్రమ వదిలించుకోండి. ఫస్ట్ క్లాసు టికెట్ లక్షల్లో ఉంటుంది కాబట్టి లక్షలు మిగిలాయని చాలామంది లెక్క చెబుతారు. జేబులోంచి డబ్బు తీసి ఆ టికెట్ ఎప్పుడైనా కొనేవారా? కొనరు. డెబ్బై శాతం తగ్గింపులో అక్కర్లేని పట్టుచీర కొని మిగిలింది చూసుకున్నట్టుంటుంది ఇది.

అసలు లెక్క చెబుతాను. అట్లాస్‌లో వచ్చే ఒక మైలు (ఎడ్జ్ మైలు అంటారు) బ్యాంకు ట్రావెల్ పోర్టల్లో ఒక రూపాయి. మీవి 87,000. అంటే 87,000 రూపాయల టికెట్లు వచ్చేవి. కార్డు ఫీజు ఏటా ఐదు వేలు, జీఎస్టీతో 5,900, మూడేళ్లకి 17,700. అన్నీ కలిపి లక్షకు పైగానే పెట్టి తొమ్మిది గంటల నిద్ర కొంటున్నారు. అందులో సగం కళ్లు మూసుకునే ఉంటారు.

డాలస్ నుంచి

మాస్టారూ, మీ లెక్కలో ఒక పొరపాటుంది. ఒకసారి ఎయిర్‌లైన్‌కి మార్చిన మైల్స్ బ్యాంకుకి వెనక్కి రావు. కాబట్టి ఆ 87,000 రూపాయలు అన్నకి ఇప్పుడు లేవు. ఆయన చేతిలో ఉన్నవి ఏరోప్లాన్ మైల్స్ మాత్రమే, వాటిని దేనికి వాడాలన్నదే ప్రశ్న. ఫీజు కూడా కట్టేసిందే.

ఇంకో మాట. మైల్స్ బంగారం కాదు, మామిడిపళ్లు. దాచేకొద్దీ కుళ్లుతాయి. ఆక్సిస్ వాళ్లదే ఇంకో కార్డు, మాగ్నస్‌ సంగతే చూడండి. 2023 సెప్టెంబర్ 1 నుంచి నెలవారీ 25,000 పాయింట్ల బోనస్ ఎత్తేశారు, మార్పిడి ఐదుకి నాలుగు నుంచి ఐదుకి రెండుకి దించారు. ఫస్ట్ క్లాసు తలుపులూ ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి. ఎయిర్ ఫ్రాన్స్ ఫస్ట్ క్లాసు లా ప్రీమియర్ మైల్స్‌తో కావాలంటే, తరచూ ఎగిరేవాళ్లకి వాళ్లిచ్చే ఎలీట్ హోదా ఉండాలి. ఎమిరేట్స్ కూడా 2025 మేలో అదే దారి పట్టింది, సిల్వర్ హోదా కూడా లేనివాళ్లకి మైల్స్‌తో ఫస్ట్ లేదు. లుఫ్తాన్సా సొంత మైల్స్ అండ్ మోర్ పథకంలో 2025 జూన్ నుంచి స్థిరమైన చార్టు పోయి, డిమాండ్‌ని బట్టి రేటు మారుతోంది. వేరే ఎయిర్‌లైన్ మైల్స్‌తో ఆ ముక్కులోకి వెళ్లే సందు ఇంకా మిగిలి ఉందంటే అదే గొప్ప. ఉన్నప్పుడే వెళ్లిరా అన్నా.

ముక్కుసీటు

నేను వెళ్లొచ్చాను కాబట్టి చెబుతున్నా. లుఫ్తాన్సా బోయింగ్ 747-8లో ఫస్ట్ క్లాసు విమానం ముక్కులో ఉంటుంది. పైలట్లు పై అంతస్తులో ఉంటారు కాబట్టి వాళ్లకంటే ముందు కూర్చునేది మనమే. మొత్తం ఎనిమిదే సీట్లు. ఇంజన్లు ఎక్కడో వెనక ఉండటంతో చప్పుడే ఉండదు. కేవియర్ పెడతారు. (ఒక చెంచా తిని, గోంగూర ఉంటే బాగుండుననుకున్నాను.) ఇక ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫస్ట్ క్లాసు వాళ్లకి విడిగా ఒక టెర్మినలే ఉంది, 2004 నుంచి. అక్కడ స్నానాల తొట్టి, అందులోకి ఒక రబ్బరు బాతు. ఆ బాతు ఇంటికి తెచ్చుకోవచ్చు, మా పాప దగ్గర ఇంకా ఉంది. సెక్యూరిటీ, పాస్‌పోర్ట్ అన్నీ లోపలే అయిపోతాయి, తర్వాత కారులో విమానం దగ్గర దింపుతారు. మెట్లు, లైన్లు ఏమీ లేవు. లక్షకి తొమ్మిది గంటల నిద్ర అన్న మాస్టారు ఒక్కసారి ఆ కారెక్కితే లెక్కలు మానేస్తారు.

గోదారి గట్టు

ముక్కుసీటు గారు చెప్పినవన్నీ నిజమే గానీ, నివాసి గారి ప్లానులో వాటిలో సగం దొరకవు. ఆ టెర్మినల్ ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఫస్ట్‌లో *బయలుదేరేవాళ్లకి*. ఇండియా నుంచి వెళ్లి అక్కడ దిగి ఊళ్లోకి పోయేవాళ్లని లోపలికి రానివ్వరు. పైగా ఇక్కడినుంచి విమానాలు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. రెండింటికి ఎక్కి మూడింటికి ఎవరు భోంచేస్తారు? పడుకుంటారు. అదే తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం ఎక్కి, పగలంతా తిని, తాగి, కిటికీలోంచి చూస్తూ రాత్రికి ఇండియాలో దిగుతారు. పొద్దున మూడు గంటలు ముందే టెర్మినల్‌కి వెళ్తే ఆ తొట్టి, బాతు మీవే. ఒకవైపే పెట్టగలిగితే రావడానికి పెట్టండి, పోవడానికి కాదు.

ఇంకోటి కూడా గమనించండి. హైదరాబాదు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి 2024 జనవరిలో మొదలైన నేరు విమానం డ్రీమ్‌లైనర్, అందులో ఫస్ట్ క్లాసే లేదు. ఢిల్లీయో ముంబయో మీదుగా రావాలి, అక్కడికీ ఆ రోజు ఏ విమానం వేస్తున్నారో చూసుకోవాలి. ఫస్ట్‌లో దిగి, అర్ధరాత్రి ముంబయిలో హైదరాబాదు విమానం కోసం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోవడం ఈ ప్రయాణంలో ఎవరూ ఫొటో పెట్టని భాగం.

ఉప్పల్ ఉష

అందరూ బాతు దగ్గరే ఆగిపోయారు. అత్తయ్యగారి సంగతి ఎవరూ ఎత్తలేదు. నిరుడు మా నాన్నని ఎకానమీలో తీసుకెళ్లాను, దిగేసరికి కాళ్లు వాచి చెప్పులు పట్టలేదు. బిజినెస్‌లోనూ సీటు పూర్తిగా మంచమవుతుంది. ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య ఉన్నంత తేడా బిజినెస్‌కీ ఫస్ట్‌కీ మధ్య లేదు. మొదటిది ఒంటికి తెలిసే తేడా, రెండోది చెప్పుకోవడానికి ఉండే తేడా. ఇద్దరికి రెండోదా, ముగ్గురికి మొదటిదా? అమ్మ అడగలేదన్నారు. ఆవిడ తరం ఎప్పుడు అడిగింది?

డాలస్ నుంచి

అక్కా, పెళ్లిరోజుకి ఇరవయ్యేళ్ల తర్వాత ఇద్దరే వెళ్లాలనుకోవడం తప్పా? అత్తగారిని వెంటపెట్టుకుని పెళ్లిరోజు చేసుకోమంటావా?

ఉప్పల్ ఉష

తప్పని నేననలేదు తమ్ముడూ. "మీ ఇష్టం" అన్న ఆవిడని మళ్లీ ఒకసారి అడగమంటున్నాను, అంతే.

వీసా వెంకన్న

అసలు చిక్కు మీరెవరూ చూడట్లేదు. లుఫ్తాన్సా తన ఫస్ట్ సీట్లని వేరే ఎయిర్‌లైన్ల మైల్స్ పథకాలకి ముందుగా ఇవ్వదు. బయలుదేరే తేదీకి రెండు వారాల్లోపు, ఒక్కోసారి రెండు మూడు రోజుల ముందే తెరుస్తుంది. యూరప్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకేమో రానుపోను బుకింగ్ ముందే చూపాలి. మనిషికి ఫీజు 90 యూరోలు, సెలవు ఉత్తరం, బ్యాంకు స్టేట్‌మెంట్లు వేరే. "సీటు తెరుచుకుంటే వస్తాం" అని కాన్సులేట్‌కి రాసిస్తారా? అమెరికా పౌరసత్వం ఉన్నవాళ్లకి అది ఆట. పాస్‌పోర్ట్ చూపించి ఎక్కేస్తారు. మనకి టెన్షన్.

గోదారి గట్టు గారి మాట పట్టుకుంటే మాత్రం దారి ఉంది. వెళ్లడానికి మామూలు టికెట్ కొనండి. రావడానికి మైల్స్‌తో బిజినెస్ టికెట్ ఇప్పుడే తీసుకోండి, వీసాకి అదే చూపండి. యూరప్‌లో తిరుగుతూ చివరి రోజుల్లో రోజూ చూడండి. రెండు ఫస్ట్ సీట్లు తెరుచుకుంటే మార్చుకోండి, మార్పుకి కొంత రుసుము పోతుంది. తెరుచుకోకపోతే బిజినెస్‌లో ఇంటికొస్తారు, కొంపలేం మునగవు. లుఫ్తాన్సా టికెట్ మీద ఏరోప్లాన్ ఇంధన సర్‌చార్జి వేయదు, ఎయిర్‌పోర్టు పన్నులు, 39 కెనడా డాలర్ల భాగస్వామి రుసుము మాత్రమే కట్టాలి.

తిరుగు ప్రయాణం లండన్ నుంచి మాత్రం పెట్టుకోకండి. మైల్స్ టికెట్ అయినా బ్రిటన్ వదిలేటప్పుడు ప్రయాణ పన్ను కట్టాల్సిందే. ఇండియా దూరానికి 2025-26లో ఎకానమీకి 90 పౌండ్లు, పై తరగతులకి 216.

పచ్చచెట్టు

నచ్చదని తెలుసు, అయినా చెబుతాను. దూర ప్రయాణాల్లో ఫస్ట్ క్లాసు మనిషి వాటా కర్బన ఉద్గారం ఎకానమీ మనిషికి దాదాపు నాలుగింతలని బ్రిటన్ ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. కారణం సులభం, ఒక్కరి చోటు నలుగురికి సరిపోతుంది.

ముక్కుసీటు

ఆ సీటు నేను కూర్చోకపోయినా ఎగురుతుంది స్వామీ. మిగిలినవే కదా మైల్స్‌కి ఇచ్చేది.

పచ్చచెట్టు

మిగిలినవాటికి గిరాకీ ఉన్నంతకాలం వాటిని తీసేయరు. సరే, పెళ్లిరోజు పాడుచేయను.

బెజవాడ బాబాయ్

నా అనుభవం వినండి. ఎయిర్‌లైన్ పేరు చెప్పను. మూడేళ్లు కూడబెట్టి యూరప్ నుంచి రావడానికి ఫస్ట్ తీసుకున్నాం. గేటు దగ్గర విమానం మార్చామన్నారు. కొత్తదాన్లో ఫస్ట్ లేదు. బిజినెస్‌లో కూర్చోబెట్టి తేడా మైల్స్ కాసిని వెనక్కిచ్చి దండం పెట్టారు. మీ పిన్ని వారం రోజులు ఆ ఊసే ఎత్తనివ్వలేదు.

తర్వాత తెలిసింది, యూరప్ 261 నిబంధన ఒకటుందట. యూరప్ నుంచి బయలుదేరే విమానంలో కొన్న తరగతి కంటే కింద కూర్చోబెడితే, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకి సాధారణంగా టికెట్ ధరలో 75 శాతం వెనక్కివ్వాలి. మైల్స్‌తో తీసుకున్న టికెట్లకీ ఆ నిబంధన వర్తిస్తుంది. అడిగాను. నాలుగు నెలలు ఈమెయిళ్లు నడిచాక మిగతా మైల్స్ వచ్చాయి. కాబట్టి బోర్డింగ్ పాస్‌లు పారేయకండి.

ఇంకో సంగతి. 747 ముక్కులో సీట్లు దేనికది విడివిడిగా ఉంటాయి. పక్కపక్కన కూర్చునే జత ఒక్కటే, వెనక వరసలో, మధ్యలో. అది వేరేవాళ్లకి పోతే పెళ్లిరోజున ఆవిడ ఆ కిటికీ దగ్గర, మీరు ఈ కిటికీ దగ్గర.

లెక్కల మాస్టారు

డాలస్ గారి మాట ఒప్పుకుంటున్నాను, మార్చేసిన మైల్స్‌ని మళ్లీ రూపాయల్లో లెక్కేయడం నా తప్పే. కానీ ఈ ఏడాదివి ఇంకా కార్డులో ఉన్నాయన్నారు. వాటి మీద నా లెక్క చెల్లుతుంది. సీటు కంటికి కనబడేదాకా వాటిని మార్చకండి. ఏరోప్లాన్, యునైటెడ్ లాంటివి ఉన్న గ్రూపులోకి ఆక్సిస్ వాళ్లు ఏడాదికి 30,000 మించి మార్చనివ్వరు కూడా, ఆ కోటా తొందరపడి తినేయొద్దు. ఏరోప్లాన్‌లో పద్దెనిమిది నెలలు ఏ కదలికా లేకపోతే మైల్స్ మురిగిపోతాయి, మీరు ఏటా మారుస్తున్నారు కాబట్టి మీకా భయం లేదు.

నిజాంపేట నివాసి

అందరికీ థాంక్స్. వారం రోజులు ఇద్దరం ఇదంతా చదువుకున్నాం. ఉష గారు చెప్పినట్టు మళ్లీ అడిగాను. ఈసారి "మీ ఇష్టం" అనలేదు. అమ్మని తీసుకెళ్లాల్సిందే అంది.

వెంకన్న గారి దారే పట్టాం. వెళ్లడానికి హైదరాబాదు నుంచి డబ్బు పెట్టి మామూలు టికెట్లు, అమ్మకి ముందు వరసలో కాళ్లు చాపుకునే సీటు, కింద వీల్‌చెయిర్. రావడానికి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ముగ్గురికీ బిజినెస్, మైల్స్‌తో. ఈ ఏడాదివాటిలో కొన్ని కలపాల్సొచ్చింది, మాస్టారు కోప్పడకండి. మిగతావి కార్డులోనే ఉంచాను. మేలో చివరి వారం రోజూ చూస్తూ ఉంటాను.

రెండు ఫస్ట్ సీట్లు తెరుచుకుంటే ఏం చేద్దామని నిన్న రాత్రి మా ఆవిడని అడిగాను. "అత్తయ్యా నేనూ కూర్చుంటాం, ఆ బాతు ఏదో చూస్తాం. మీరు బిజినెస్‌లో రండి" అంది.

బెజవాడ బాబాయ్

నాయనా, డౌన్‌గ్రేడ్ అయింది నువ్వే. 75 శాతం వెనక్కి అడుగు.