తొలి ఉద్యోగానికి వెళ్లే కుర్రవాడు తనకు నత్తి ఉందని ముందే చెప్పాలా?

పటమట అమ్మ:
మా అబ్బాయికి 18 ఏళ్లు. డిగ్రీలో చేరేలోగా బీసెంట్ రోడ్డులోని ఒక చీరల దుకాణంలో పనికి వెళతానంటున్నాడు. యజమాని సోమవారం రమ్మన్నారు. చిన్నప్పటి నుంచీ నత్తి ఉంది. మిగతా మాటలకంటే తన పేరు చెప్పేటప్పుడే ఎక్కువగా ఆగిపోతాడు. ఆ సంగతి ముందే చెప్పమనాలా?

కృష్ణాతీరం:
తప్పకుండా చెప్పమనండి అమ్మా. నాకూ నత్తి ఉంది. దాచాలని చూసినకొద్దీ గొంతు మరింత పట్టేస్తుంది. కూర్చోగానే "నాకు నత్తి ఉంది, కాస్త ఆగితే చెబుతాను" అనేస్తే, ఎదుటివారు మధ్యలో మాట అందించకుండా వింటారు, మన భయమూ సగం తగ్గుతుంది.

మందుల దుకాణం:
వద్దు. ముందు సదరం శిబిరానికి తీసుకెళ్లి వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. అది చేతిలో ఉంటే ఎవరూ కాదనలేరు.

గోదావరి గట్టు:
వస అరగదీసి తేనెతో నాకిస్తే మాట తిరుగుతుందని మా అమ్మమ్మ అనేది.

కృష్ణాతీరం:
ఆమె అడిగింది నత్తి పోగొట్టే మార్గం కాదు. ధ్రువపత్రం సంగతికొస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో వాక్కుకు సంబంధించినది ఉన్నమాట నిజమే కానీ, దాని నిర్వచనం స్వరపేటిక తొలగింపు, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట పోవడం) వంటి స్థితుల వల్ల కలిగిన శాశ్వత వైకల్యం గురించి చెబుతుంది కనుక, బాల్యంలో మొదలైన నత్తికి ఆ పత్రం దొరకడం కష్టం. దొరికినా 4 శాతం రిజర్వేషన్ ప్రభుత్వ ఉద్యోగాలకే తప్ప చీరల దుకాణానికి వర్తించదు.

మందుల దుకాణం:
చట్టంలో వాక్కు ఉందని మీరే ఒప్పుకున్నారు. ఇక కష్టమేమిటి?

కృష్ణాతీరం:
నిర్వచనం మరొక్కసారి చదవండి. అది సరే, అదే కుర్రవాడు రేపు మీ దగ్గరకు వస్తే పెట్టుకుంటారా?

మందుల దుకాణం:
అడిగారు కాబట్టి చెబుతున్నాను. మా తమ్ముడికీ నత్తి ఉంది. ఒక కార్యాలయంలో నేనే పక్కన కూర్చుని ముందుగా చెప్పించాను. "మరి ఫోన్లు ఎవరెత్తుతారు?" అని వాడి ముందే నన్నడిగి పంపేశారు. ఆ తర్వాత వాడు మరో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదు. మీ అబ్బాయి వస్తే పెట్టుకుంటాను, కానీ లోపల మందులు సర్దే పనికి. కౌంటరు దగ్గర, చీటీ పట్టుకుని పదిమంది నిలబడి ఉన్నప్పుడు, పెట్టుకోను.

కృష్ణాతీరం:
ఇదీ అసలు విషయం. మీకు అడ్డంకి నత్తి సంగతి చెప్పడమూ, దాచడమూ కాదు. నత్తి ఉన్నవాడు జనం ముందు నిలబడటమే. మీ తమ్ముణ్ణి అడగవలసిన ప్రశ్న వాళ్లు మిమ్మల్ని అడిగారు. ఇప్పుడు మీరూ ఈ కుర్రవాడిని అడగకుండానే లోపలికి పంపుతున్నారు.

మందుల దుకాణం:
కౌంటరులో వాడు అవమానపడితే చూసేది మీరు కాదు, నేను.

పటమట అమ్మ:
ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. లోపల మడతలు పెట్టే పనైతే వెళ్లడట. చీరలు విప్పి చూపించే చోటే కావాలట. నత్తి సంగతి తానే చెబుతాడట. నన్ను మాత్రం దుకాణం దాకా రావద్దన్నాడు.

మందుల దుకాణం:
వెళ్లనివ్వండి అమ్మా. సదరం సంగతి కూడా ఒకసారి కనుక్కోండి.