రాత్రి డ్యూటీలో ఒక్కడినే ఉన్నప్పుడు పేషెంటు చేతులు కట్టడం తప్పా?

పర్లాకిమిడి_నైట్‌డ్యూటీ
మా ఊళ్లోనే ఒక తాగుడు మాన్పించే సెంటర్లో రెండేళ్లుగా అటెండెంటుగా చేస్తున్నాను. పేరు చెప్పను. పద్నాలుగు మంచాలు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా నానొక్కడినే. పదిరోజుల కింద గుమ్మ వేపు కొండల నుంచి ఒకాయన్ని తెచ్చి చేర్చారు. ఇప్పసారా మనిషి. మూడో రాత్రి చేతులు వణుకు, ఒళ్లంతా చెమట, దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని ఒకటే ఏరడం. రెండు దాటాక లేచి గేటు ఎక్కబోయాడు. ఆపిన పక్కమంచం పెద్దాయన్ని తోసీసినాడు. డాక్టరు గారికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. తువ్వాళ్లతో రెండు చేతులూ మంచానికి కట్టీసినాను. తెల్లారి ఆయనొచ్చి ఇంజెక్షను ఇస్తే సర్దుకున్నాడు. ఇప్పుడు కొడుకు కేసు పెడతానంటున్నాడు. మేనేజరేమో "కట్టింది నువ్వు, నువ్వే చూసుకో" అంటున్నాడు. మీరైతే ఏటి చేద్దురు?

రాయగడ_రైలుకట్ట
తప్పేం లేదు తమ్ముడూ. ఆయన గేటు దూకి ఏ లారీ కిందో పడుంటే అప్పుడూ నిన్నే అందురు. నేను ఈ పని నాలుగేళ్లు చేసి మానేశాను. పళ్లగాట్లు ఇంకా మోచేతి మీద ఉన్నాయి. పగటిపూట ఫ్యాను కింద కూర్చుని చట్టాలు చెప్పేవాళ్లు ఒక్క రాత్రి వచ్చి చూడాలి.

బరంపురం_కోర్టువీధి
పగటిపూట ఫ్యాను కిందే కూర్చుని చెబుతున్నాను, తిట్టుకోండి.

తాగుడు సెంటర్లకి మానసిక ఆరోగ్య చట్టం పట్టదని చాలామంది అనుకుంటారు. 2017 చట్టంలో మానసిక అనారోగ్యం అన్న మాటలోకే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే స్థితుల్నీ చేర్చారు. 95వ సెక్షను ప్రకారం గొలుసు వెయ్యడం ఏ రూపంలోనూ కుదరదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది పోయారు, గుర్తుండే ఉంటుంది. మనిషిని కదలకుండా పట్టి ఉంచే సంగతి 97లో ఉంది. అప్పటికప్పుడు ప్రమాదం ముంచుకొస్తూ, వేరే దారి లేకపోతేనే, అదీ వైద్యం చేసే సైకియాట్రిస్టు అనుమతితోనే. ఎలా కట్టారు, ఎందుకు, ఎంతసేపు అన్నది వెంటనే రాయించే బాధ్యత సెంటరు ఇన్‌ఛార్జిది. పేషెంటు తరఫు ప్రతినిధికి 24 గంటల్లో కబురు చెయ్యాలి. ఇంకో మాట స్పష్టంగా ఉంది: మనుషులు చాలక కట్టాం అంటే ఒప్పుకోరు.

అందుకని తమ్ముడు కట్టింది సరే అని నేను అనలేను. కానీ "నువ్వే చూసుకో" అనే హక్కు మేనేజరుకి అసలు లేదు.

రాయగడ_రైలుకట్ట
చట్టం బావుంది. రెండో మనిషికి జీతం ఎవడిస్తాడో కూడా అందులో రాసుందా?

విశాఖ_మేనత్త
మా మేనకోడలు అమెరికాలో ఇదే పని చేస్తుంది. అక్కడ బిహేవియరల్ హెల్త్ టెక్నీషియన్ అంటారు. ఆమె వార్డులో పావుగంటకోసారి తిరిగి ఎవరెక్కడున్నారో, ఏం చేస్తున్నారో రాయాలి. ఒంటరిగా ఎవరి మీదా చెయ్యి వెయ్యకూడదు, ముందు మాటతో చల్లబరచాలని నేర్పిస్తారట.

రాయగడ_రైలుకట్ట
మాకూ నేర్పారండీ. గేటు తాళం ఎక్కడ పెట్టాలో.

రిటైర్డ్_సిస్టర్
కట్టొచ్చా కూడదా అని మీరంతా కొట్టుకుంటున్నారు. నాకు ఆ రాత్రి కన్నా అంతకు ముందు రెండు రోజుల మీద కోపంగా ఉంది. తాగుడు హఠాత్తుగా మానేసిన మనిషికి ఫిట్లు వస్తే తరచు మొదటి రెండు రోజుల్లో వస్తాయి. ఈ చీమలు ఏరడం, చెమట, మనిషిని పోల్చుకోలేకపోవడం రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య వస్తుంది. అది పిచ్చీ కాదు, పొగరూ కాదు, ప్రాణం మీదికి తెచ్చే జబ్బు. చేర్చుకున్నప్పుడు "ఆఖరిసారి ఎప్పుడు తాగాడు" అని ఎవరైనా అడిగి రాశారా? రాసుంటే మూడో రాత్రికి ఇంజెక్షను సిద్ధంగా ఉండును. బీ-వన్ విటమిను మొదటి రోజే పడును. పొద్దున్న ఇంజెక్షనుతో సర్దుకున్నాడంటే రాత్రి కావలసింది అదే, తువ్వాలు కాదు. పైగా వెల్లకిలా కట్టిన మనిషి వాంతి చేసుకుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది బాబూ. పెనుగులాడిన కొద్దీ జ్వరం ఎక్కుతుంది.

ఆ రాత్రి ఆయనతో ఏ భాషలో మాట్లాడావు?

పర్లాకిమిడి_నైట్‌డ్యూటీ
తెలుగులోనే. తరవాత ఒడియాలో. ఆయన ఆ రాత్రంతా వాళ్ల కొండభాష సవరలోనే మాట్లాడాడు. పగలు తెలుగు బాగానే మాట్లాడేవాడు మరి.

రిటైర్డ్_సిస్టర్
భయం పట్టుకుంటే మనిషికి అమ్మ భాషే వస్తుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని నిఘంటువు రాసిన ఊరు మీది. మీ సెంటర్లో "నీళ్లు తాగు, భయం లేదు" అని సవరలో అనగలిగినవాడు ఒక్కడైనా ఉన్నాడా?

పర్లాకిమిడి_నైట్‌డ్యూటీ
వంటమనిషికి వచ్చును. ఆమె సాయంత్రం ఆరుకే వెళ్లిపోద్ది.

బరంపురం_కోర్టువీధి
కేసు సంగతి ఏమైంది?

పర్లాకిమిడి_నైట్‌డ్యూటీ
నిన్న కొడుకు వచ్చాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. కట్టినందుకు కాదంట కోపం. ఆదివారం చూడ్డానికొస్తే మణికట్టు మీద ఎర్రగా కమిలిపోయుంది, అడిగితే ఎవరూ నిజం చెప్పలేదంట. జరిగిందంతా నానే చెప్పీసినాను. విని, ఆ రాత్రి రిజిస్టరు చూపించమన్నాడు.

అక్కడే నాకు నోరు రాలేదు. ఆ పేజీలో నా చేత్తో "అంతా ప్రశాంతం" అని ఉంది. రోజూ అలాగే రాస్తాం. డ్యూటీ ఎక్కగానే రాసీస్తాం.

రాయగడ_రైలుకట్ట
నేనూ నాలుగేళ్లు అదే రాశాను.

పర్లాకిమిడి_నైట్‌డ్యూటీ
మేనేజరు ఆ పేజీ చింపి కొత్తది రాయమంటున్నాడు. డాక్టరు గారు ఫోన్లో అనుమతి ఇచ్చినట్టు.

రిటైర్డ్_సిస్టర్
చింపకు. పాత లైను కొట్టెయ్యకు కూడా. దాని కింద ఇవాళ్టి తేదీ వేసి, ఆలస్యంగా రాస్తున్నానని మొదలుపెట్టి, జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టు. నీ ఫోన్లో ఆ రెండు కాల్సూ ఏ టైముకి చేశావో చూసి అవీ వెయ్యి. ఆ స్క్రీను ఫొటో తీసి దాచుకో.

పర్లాకిమిడి_నైట్‌డ్యూటీ
కాల్స్ ఉన్నాయి. 2:14, 2:19. కట్లు ఎప్పుడు విప్పానో మాత్రం గడియారం చూడలేదు. ఏటి రాయను?

రిటైర్డ్_సిస్టర్
చూడలేదనే రాయి.