నోర్-ఎస్తి: బొమ్మ పత్రికదా, ఆల్బమ్‌దా తేల్చేదెలా?

ఎస్టోనియా సాహిత్య బృందం నోర్-ఎస్తి 1910–11లో తార్తు నుంచి సచిత్ర సాంస్కృతిక పత్రిక నడిపింది. చిక్కల్లా పేరుతోనే. 1905, 1907, 1909, 1912, 1915లో ఆ బృందమే తెచ్చిన ఆల్బమ్‌లదీ (సాహిత్య, కళా సంకలనాలు), ప్రచురణ సంస్థదీ అదే పేరు. చిత్రకారులు నికొలాయ్ త్రీక్, కొన్రాద్ మ్యాగి బొమ్మల స్కాన్లు కొన్ని నా దగ్గరున్నాయి. బైండింగ్‌లో అట్టలు తీసేశారు, పుటల మీద సంవత్సరం లేదు. ఏది పత్రికదో, ఏది 1912 ఆల్బమ్‌దో తెలియడం లేదు.

ఆనాటి దినపత్రిక పొస్తిమేస్‌లో సంచికల ప్రకటనలు వెతికాను. పేరుతో వెతికితే అన్నీ కలిసి వస్తున్నాయి. సంచికను 'విహ్క్' అంటారు. అప్పటి వర్ణక్రమంలో 'వీ' బదులు 'డబ్ల్యూ' రాసేవారు కాబట్టి అలా మార్చాను. షష్ఠీ విభక్తిలో ఆ మాట 'విహు' అవుతుంది, అదీ చూశాను. కొంత మెరుగే, కానీ గోథిక్ అచ్చులో పొడవాటి 'ఎస్'ను, స్కాన్‌లోని అక్షరాలు గుర్తించే యంత్రం 'ఎఫ్'గా చదువుతుంది. అక్కడ 'ఎస్తి' కాస్తా 'ఎఫ్తి' అయిపోతోంది. ఆ తప్పు రూపంతోనూ ప్రయత్నించాను, విషయసూచిక ఉన్న ప్రకటన ఒక్కటీ దొరకలేదు.

పత్రిక ఒక్కో సంచికలో ఏ బొమ్మలు వేశారో చెప్పే విషయసూచిక ఎక్కడ చూడాలి?