ట్రైపాడ్ పెట్టినా లాంగ్ ఎక్స్‌పోజర్ ఫొటోలు కదిలిపోతున్నాయి, కారణం ఏమిటి?

గీతలవేట:
సాయంత్రం నుంచి దీనితోనే కుస్తీ పడుతున్నాను, ఓపిక నశించింది. రాత్రి ట్రాఫిక్‌లో లైట్ ట్రెయిల్స్, అంటే బండ్ల దీపాలు గీతలుగా పడే ఫొటోలు, తీద్దామని వెళ్ళాను. ఐఎస్‌ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11, షట్టర్ తెరిచి ఉంచింది 20 సెకన్లు. కెమెరా ట్రైపాడ్ మీదే ఉంది. వెనక తెర మీద అద్భుతంగా కనిపించిన ఫొటోను ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేస్తే షాపుల బోర్డుల మీద అక్షరాలు జంటలు జంటలుగా ఉన్నాయి. కార్ల గీతలు కూడా వణికినట్టున్నాయి. పగలు ఇదే లెన్స్‌తో ఫొటోలు చక్కగా వస్తాయి. లెన్స్ పాడైందా? కొత్తది కొనే స్థితిలో లేను. తెలిసినవారు త్వరగా చెప్పండి.

మూడుకాళ్ళు:
కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపారా? నొక్కిన కాసేపటికి తీసే టైమర్ పెట్టారా?

గీతలవేట:
రెండూ చేశానండి. అవి చేయకుండా ఇక్కడ అడుగుతానా?

వర్ణమాల:
మీరు జేపెగ్‌లో తీస్తున్నారా, రా (RAW) ఫైల్‌లోనా? ముందు అది చెప్పాలి. జేపెగ్‌లో రంగులు కెమెరాయే తేల్చేస్తుంది, రాలో తరవాత మార్చుకోవచ్చు. రాత్రి నగరాన్ని జేపెగ్‌లో తీయడమంత అన్యాయం లేదు. పాత సోడియం దీపాల కాంతి 2,000 కెల్విన్ల (కాంతి రంగుకు కొలత) దగ్గర ఉండేది, ఊరంతా ఒకే నారింజ రంగు. ఇప్పుడు హైదరాబాద్ వీధుల్లో చాలా వరకు ఎల్‌ఈడీలే. ఒక ఫ్రేములోనే తెల్లని వీధిదీపం, పసుపు హెడ్‌లైట్, ఆకుపచ్చ సిగ్నల్, దుకాణం ముందు నీలం బోర్డు. రంగుల తూకాన్ని కెమెరా తానే చూసుకునే ఆటో వైట్ బ్యాలెన్స్ వీటన్నిటికీ సగటు చూసి ఏదో ఒక రంగు తేలుస్తుంది, ఒక ఫొటోకూ మరో ఫొటోకూ పొంతన ఉండదు. రాలో తీసి, తరవాత తీరిగ్గా 3,800 కెల్విన్ల దగ్గర మొదలుపెట్టి సరిచూసుకోండి. సూర్యాస్తమయం అయ్యాక ఇరవై, ముప్ఫై నిమిషాలకు ఆకాశంలో ముదురు నీలం ఉంటుంది. అప్పుడు తీస్తే ఎర్ర గీతలకు ఆ నీలం ఎంత అందాన్నిస్తుందో చూడండి. పూర్తిగా చీకటి పడ్డాక తీసినవి నా దృష్టిలో సగం ఫొటోలే.

గీతలవేట:
నా ప్రశ్న రంగుల గురించి కాదండి. అక్షరాలు రెండేసి కనిపిస్తున్నాయి.

పాతరీలు:
షట్టర్ స్పీడ్ ఇంకా పెంచండి. 20 సెకన్లు చాలవు. బల్బ్ మోడ్‌లో, అంటే బటన్ నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచి ఉండే పద్ధతిలో, నిమిషం పైన ఉంచితే మధ్యలో వచ్చే చిన్న కుదుపు ఫొటోలో తేలదు.

మూడుకాళ్ళు:
20 నుంచి 60 సెకన్లకు వెళితే స్పీడ్ తగ్గినట్టు. పెరిగినట్టు కాదు.

పాతరీలు:
సంఖ్య పెరుగుతోందా లేదా? మేము ఫిల్ము రోజుల నుంచీ ఇలాగే అంటున్నాం.

మూడుకాళ్ళు:
కొత్తవాళ్ళు మీ మాట విని సెకనులో 1/500వ వంతు పెట్టుకుంటారు. గీతలు రావు, చుక్కలు వస్తాయి. సమయం పెంచండి అని రాయండి చాలు.

పాతరీలు:
సరే, సమయం అనే రాస్తాను. కానీ బల్బ్ మోడ్‌ను తీసిపారేయకండి. వెనకటికి రబ్బరు బుడ్డి నొక్కితే గాలి ఒత్తిడికి షట్టర్ తెరుచుకునేది, వదిలితే మూసుకునేది, ఆ పేరు అక్కడిదే. ఫిల్ముకైతే సెకను దాటిన దగ్గర నుంచి కాంతికి స్పందన మందగిస్తుంది. మీటర్ చూపించినదానికి అదనంగా ఎంత కలపాలో ఫిల్మును బట్టి లెక్క వేసుకోవాల్సిందే. డిజిటల్‌లో ఆ బాధ లేదు, అందుకే బల్బ్‌ను ధైర్యంగా వాడమంటున్నాను.

వంతెనల మనిషి:
గీతలవేట గారూ, ట్రైపాడ్ ఎక్కడ పెట్టారో మీరు రాయలేదు. ముందు ఒక పరీక్ష చేయండి. ఫొటోలో దూరంగా ఉన్న ఒక వీధిదీపాన్ని వంద శాతానికి పెద్దది చేసి చూడండి. వెలుగు గుండ్రంగా ఉబ్బి ఉంటే ఫోకస్ తప్పినట్టు. వంకర తిరిగి చిన్న తోకలా ఉంటే కెమెరా కదిలినట్టు. దీపాలు నిలకడగా ఉండి కార్ల గీతలు మాత్రమే వణికితే, బండ్లు గతుకుల మీద ఎగిరాయని అర్థం, అందులో మీ తప్పేమీ లేదు.

గీతలవేట:
చూశాను. ప్రతి దీపానికీ ఒకే రకం తోక, అన్నీ ఒకే వైపుకు. మొత్తం ఫొటోల్లో రెండు మూడు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, అదే నాకు అర్థం కావడం లేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు స్కైవాక్ మీద నుంచి తీశాను. చాలామంది అక్కడి నుంచే తీస్తున్నారు కదా.

వంతెనల మనిషి:
మీ లెన్స్‌కు ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి. అది ఉక్కుతో కట్టిన నడకదారి. మనుషులు నడుస్తుంటే రెండు స్తంభాల మధ్య భాగం కొద్దిగా కదులుతుంది. కట్టడానికి ప్రమాదం లేదు, దాన్ని లెక్కలోకి తీసుకునే కడతారు. కాళ్ళకు తెలియని కదలిక 20 సెకన్ల ఫొటోకు తెలుస్తుంది. పగలు 1/250లో తీస్తారు కాబట్టి ఆ లోపు కదిలేదేమీ ఉండదు. పైగా ఆ దారి మెట్రో స్టేషన్‌కు కలిసి ఉంది. రైలు దిగినవాళ్ళు ఒక్కసారిగా గుంపుగా వస్తారు, తరవాత కాసేపు ఖాళీ. మీకు బాగా వచ్చినవి ఆ ఖాళీలో తీసినవి కావచ్చు. ఫొటోల సమయాలు వరసగా చూసుకోండి.

మూడుకాళ్ళు:
ట్రైపాడ్ మధ్య కొక్కేనికి బ్యాగు వేలాడదీయండి.

వంతెనల మనిషి:
అది గాలికి పనికొస్తుంది. నేలే కదులుతుంటే బరువు కూడా దానితోపాటే కదులుతుంది. మధ్య కడ్డీని కిందికి దించి, కింద స్తంభం ఉన్న చోటికి ట్రైపాడ్‌ను జరపండి. రెయిలింగ్‌కు ఆనించకండి.

నడకదారి:
ఒక మాట అడుగుతాను. ఆ స్కైవాక్‌ను 2023లో తెరిచింది దేనికి? ఉప్పల్ కూడలిలో రోడ్డు దాటలేక ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాళ్ళ కోసం. సాయంత్రం రద్దీలో మూడు కాళ్ళూ బారజాపి నిలబెడితే ముసలివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు ఎటు నుంచి పోవాలి? చీకట్లో నల్లటి ట్రైపాడ్ కాలు కనిపించదు, తట్టుకుని పడతారు. దుర్గం చెరువు తీగల వంతెన తెరిచిన కొత్తలో ఫొటోల కోసం రోడ్డు మీదే నిలబడినవాళ్ళను చూశాం కదా. ఫొటో ముఖ్యమే, కానీ దారి అంతకన్నా ముఖ్యం.

గీతలవేట:
ఎవరికీ అడ్డం లేకుండా మూలకే పెట్టానండి. ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి. స్తంభం దగ్గర నుంచి నాకు కావలసిన రోడ్డు వంపు కనిపించదు.

వంతెనల మనిషి:
అయితే ఒక్క 20 సెకన్ల ఫొటో బదులు 5 సెకన్లవి వరసగా తీయండి. కదిలినవి పారేసి, బాగున్నవాటిని గింప్ అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పొరలుగా పేర్చి పై పొరలకు లైటెన్ మోడ్ పెట్టండి, ప్రతి చోటా ఎక్కువ వెలుగున్నదే మిగులుతుంది. గీతలన్నీ ఒకే ఫొటోలోకి వస్తాయి. ఎపర్చర్ విషయంలో జాగ్రత్త. భవనాల వెలుగు సమయంతోపాటు పెరుగుతుంది, కదిలే కారు గీత వెలుగు అలా పెరగదు, అది ఎపర్చర్, ఐఎస్‌ఓల మీదే ఆధారపడుతుంది. సమయం తగ్గింది కదా అని ఎఫ్/5.6కు తెరిస్తే భవనాలు సరిపోతాయి కానీ హెడ్‌లైట్ల గీతలు తెల్లగా మాడిపోతాయి. ఎఫ్/8 దగ్గర ఆగండి. భవనాలు ఒక స్టాప్ (అంటే సగం వెలుగు) చీకటిగా వస్తాయి, తరవాత పెంచుకోవచ్చు.

వర్ణమాల:
అలా పెంచుకోవాలంటే రాలో తీయాలి. నేను మొదటే చెప్పాను.

పాతరీలు:
ఫొటోలో చుక్కలు తగ్గించే లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ కూడా ఆపండి. అది ఆన్‌లో ఉంటే 5 సెకన్ల ఫొటో తరవాత ఇంకో 5 సెకన్లు షట్టర్ మూసి చీకటి ఫ్రేము తీసుకుంటుంది. ఆ లోపు కార్లు వెళ్ళిపోతాయి, గీతలు తెగిపోతాయి.

గీతలవేట:
ఇంకొకటి. కొన్ని కార్ల వెనక ఎర్ర గీత కుట్టు వేసినట్టు తెగి తెగి వస్తోంది. ఇది కూడా స్కైవాక్ వల్లేనా?

మూడుకాళ్ళు:
కాదు. ఎల్‌ఈడీ.

వంతెనల మనిషి:
అవును. కొన్ని కార్లలో టెయిల్ లైట్ వెలుగు తగ్గించడానికి దాన్ని చాలా వేగంగా ఆర్పి వెలిగిస్తుంటారు. కంటికి తెలియదు, కారు కదులుతుంది కాబట్టి ఫొటోలో ముక్కలుగా పడుతుంది. బ్రేకు వేసినప్పుడు అదే దీపం నిండుగా వెలిగి గీత కలిసిపోవడం కూడా చూడవచ్చు.

గీతలవేట:
సరే అండి. శనివారం వెళ్ళి 5 సెకన్లతో చూస్తాను. థాంక్స్.

పాతరీలు:
స్తంభం దగ్గర నిలబడితే బల్బ్‌తో కూడా ఒకటి తీసి పెట్టండి.

మూడుకాళ్ళు:
రిమోట్ లేకుండా బల్బ్ వద్దు. వేలితో నొక్కి పట్టుకుంటే మళ్ళీ కదులుతుంది.